బొడ్డు దగ్గర తగవు

కాకినాడ

ఒసే సుభద్రా,

నీ ఉత్తరం అందింది. ఫోనులో ఎంత మాట్లాడుకున్నా కొన్ని సంగతులు కాగితం మీదే బయటికొస్తాయి కాబోలు. అమ్మాయీ అల్లుడూ అక్కడక్కడే తిరుగుతుంటే నోరు విప్పలేకపోయావని అర్థమైంది. పేజీల నిండా మనవడి బొడ్డు మీద తగవు. ఆఖరి పేజీ అడుగున, అదీ చీమతలల్లాంటి అక్షరాలతో, నీ బొడ్డు సంగతి. రెండింటికీ ఈ ఒక్క ఉత్తరంలోనే జవాబు రాస్తున్నాను. నన్నడిగితే రెండింటికీ మందు దాదాపు ఒకటే.

ముందు తగవు తీరుస్తాను. తీర్పు నీకు నచ్చదు. మీ అమ్మాయి చెప్పిందే సరి. ఊడని బొడ్డు మీద కొబ్బరినూనె వద్దు, పసుపు వద్దు, పౌడరు వద్దు, చీరల మడతల్లో దాచి పట్టుకెళ్లిన ఆ ఆముదం సీసా అసలే వద్దు. "ఇద్దర్ని కని పెంచినదాన్ని, నాకు తెలీదా" అని రాశావు. పెంచావు, కాదనను. కానీ నా ఉద్యోగమంతా పురుళ్ల వార్డులోనే గడిచింది, కాస్త నా మాటా విను.

బొడ్డుతాడులో మూడు రక్తనాళాలుంటాయి. రెండు ధమనులు, ఒక సిర. వాటిని చుట్టుకుని జిగటగా ఓ పదార్థం. క్లిప్పు పెట్టి కోసేశాక మిగిలిన ముక్కకు ఇక రక్తం అందదు. జిగట ఎండిపోతుంది, ముక్క ముడుచుకుని నల్లబడుతుంది. ప్రాణమున్న చర్మానికీ ఆ ఎండిన ముక్కకూ మధ్య తెల్లరక్తకణాలు చేరి కొద్దికొద్దిగా విడదీస్తాయి. వారం రెండు వారాల్లో ఊడిపోతుంది, కొందరికి మూడోవారం దాకా పడుతుంది. ఇదంతా సజావుగా జరగాలంటే గాలి తగలాలి, పొడిగా ఉండాలి. నూనె రాస్తే ఆ తడి ఆరదు, దుమ్మూ పట్టుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పైకి ఎండినట్టు కనిపించినా లోపలి సిర వెంటనే పూడిపోదు. అది కాలేయం వైపు పోయే దారి. తొలి రోజుల్లో అక్కడ చేరిన సూక్ష్మజీవి రక్తంలో కలవడానికి అట్టే దూరం పోనక్కర్లేదు. పసిపిల్లల బొడ్డు దగ్గర డాక్టర్లు అంత పట్టుబట్టేది అందుకే.

ఏదో ఒకటి పూయడం పల్లెటూళ్ల వాళ్ల చాదస్తమేం కాదులే. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనే ఊదారంగు జెన్షన్ వయొలెట్ పూసేవాళ్లు. పిల్లవాడి పొట్ట మీద, పొత్తిగుడ్డల మీద, తల్లి చీర మీద ఎక్కడ చూసినా ఆ మరకే. నువ్విప్పుడున్న అమెరికాలో కూడా చాలాకాలం స్పిరిట్‌తో తుడిచారు. తీరా పోల్చి చూస్తే స్పిరిట్ తగలని పిల్లలకే బొడ్డు ముందుగా ఊడుతోంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. బొడ్డుకు పేడలాంటి హానిచేసేవి పూసే అలవాటున్న చోట్ల మాత్రం మొదటి వారం క్లోర్‌హెక్సిడిన్ పూయమంటుంది. నేపాల్‌లోని సర్లాహి జిల్లాలో దాన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆ మందుతో బొడ్డు తుడిచిన పిల్లల్లో మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అక్కడ అది ప్రాణాలు నిలిపిన మందు. అక్కడ ఎడిసన్ ఊళ్లో ఆసుపత్రిలో పుట్టిన నీ మనవడికి దాంతో పని లేదు.

మన వైపు కథ నీకు కొంత తెలుసు. చేతికందిన కత్తితోనో పాత బ్లేడుతోనో కోసి, బూడిదో పేడో అద్దిన ఇళ్లలో ధనుర్వాతం వచ్చేది. పుట్టినప్పుడు చక్కగా పాలు తాగిన బిడ్డ వారం తిరిగేసరికి దవడలు బిగిసి రొమ్ము పట్టలేకపోయేవాడు. ఆ తర్వాత మూర్ఛలు. తల్లికి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే అంతా అయిపోయేది. అందుకే గర్భిణులకు వెంటపడి టీటీ సూదులు వేశారు. మంత్రసానుల్ని కూర్చోబెట్టి అయిదు శుభ్రతలు వల్లె వేయించారు: చేతులు, కాన్పు చేసే చోటు, బ్లేడు, కట్టే దారం, కోసిన బొడ్డు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వే చేసి, పసిపిల్లల ధనుర్వాతం ఇక ప్రజారోగ్య సమస్య కాదని తేల్చారు. దేశం మొత్తానికి ఆ మాట రావడానికి 2015 దాకా పట్టింది. కాబట్టి "ఏమీ పెట్టకండి" అని నర్సు చెబితే అది అమెరికా గొప్ప అనుకోకు. ఆ పాఠం మనమూ నేర్చుకున్నదే, అదీ చాలామంది పిల్లల్ని పోగొట్టుకుని.

నువ్వు చేయదగ్గ పనులు లేకపోలేదు. డయపరు పై అంచును బొడ్డు కిందికి మడుచు. మూత్రం తగిలితే మంచినీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వు. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కో, ఎవరు ముట్టుకున్నా సరే. సగం ఊడి వేలాడుతుంటే లాగొద్దు. నీ చెయ్యి ఊరుకోదని తెలిసే రాస్తున్నాను. ఊడేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించడం మామూలే. చుట్టూ చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతుంటే మాత్రం తాత్సారం చేయొద్దు. చీము, కుళ్లు వాసన, ఆగని రక్తం, ముట్టుకుంటే ఏడుపు, పాలు తాగకుండా మగతగా పడి ఉండడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు వారాలు దాటినా ఊడకపోతే డాక్టరు చెవిన వేయండి. ఊడాక గుంటలో గులాబీ రంగు తడి కండ కొంచెం మిగిలితే భయపడకండి. డాక్టరు సిల్వర్ నైట్రేట్ తాకించి మాన్పుతారు. ఏడ్చినప్పుడు బొడ్డు ఉబికి వస్తుంటే మీ అత్తగారు చేసినట్టు రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టేవు! చాలామంది పిల్లలకు నాలుగైదేళ్లు వచ్చేలోపు ఆ సందు దానంతటదే పూడుకుంటుంది. బిళ్ల వల్ల ఒరుసుకుని పుండు పడడం తప్ప ఒరిగేదేం లేదు.

కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్లు పోయాలన్నది నీ అసలు ముచ్చట. బొడ్డు ఊడి గుంట ఆరాక పోద్దువుగాని. పొగలు కక్కేవి కాదు, గోరువెచ్చనివి. సాంబ్రాణి మాత్రం మర్చిపో. పసివాడి ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు. పైగా ఆ ఇళ్లలో పొగ పసిగట్టేందుకు పైకప్పుకు బిగించిన పరికరం కూత మొదలెడితే వీధి వీధంతా లేస్తుంది. ఊడిన ముక్కను వెండి తాయెత్తులో పెట్టించాలన్న కోరికకు నేను అడ్డు రాను. బాగా ఎండాక పెట్టు. తాయెత్తును బీరువాలో దాచు, పిల్లవాడి మెడలోనో మొలలోనో కాదు.

ఇక నీ సంగతికి వస్తాను. దురద, కాస్త వాసన, వేలు పెడితే తెల్లగా ఏదో అంటడం. "ఈ వయసులో ఇదేం ఖర్మ, ఎవరికి చూపించను" అన్నావు. ఖర్మేం లేదు. నీకు షుగరుంది, పొట్ట మీద మడత ఉంది, లంగా బొందు బిగించే అలవాటుంది. చెమట దిగడమే తప్ప ఆరే దారి లేదు. అలాంటి చోట ఈస్టు జాతి బూజు ఇష్టంగా పెరుగుతుంది. ఎర్రబడడం, దురద, తెల్లటి పొర దాని లక్షణాలే. ఒకసారి డాక్టరు చూసి బూజుకు పూసే మందు రాస్తే సరిపోవచ్చు. మన ఊరి మందులషాపు నుంచి పట్టుకెళ్లిన మూడు నాలుగు మందులు కలిపిన క్రీము మాత్రం పూయకు. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గి మురిపిస్తుంది, లోపల బూజు మాత్రం బలుస్తుంది. మన దగ్గర తామరలు ఇంత మొండికేయడానికి ఆ ట్యూబులే ఒక కారణం. అసలు ముందు షుగరు చూపించుకో.

రోజూ స్నానంలో వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, కాస్త సబ్బు నురగ అంటించి బొడ్డు లోపల ఒకసారి తిప్పు. నురగ మిగలకుండా నీళ్లు పొయ్యి. ఆ తర్వాత పొడిగుడ్డతో అద్దు. ఈ ఆఖరి పనే ఎవరూ చేయరు. వీపు తుడుచుకుంటారు, తల తుడుచుకుంటారు, బొడ్డులో నీళ్లు నిలిచి ఉండగానే చీర చుట్టేస్తారు. లోతైన బొడ్డయితే ఎప్పుడైనా తడిపిన దూదిపుల్లతో పైపైన తుడవొచ్చు, గుచ్చకూడదు. లోపల నల్లగా గట్టిగా ఏదైనా అతుక్కుని ఉంటే రెండు చుక్కల కొబ్బరినూనె వేసి కాసేపు నాననిచ్చి తుడిచెయ్. నూనె కూడా అక్కడ ఉండిపోకూడదు. చర్మపు జిడ్డు, రాలిన చర్మపు కణాలు ఏళ్ల తరబడి పేరుకుని రాయిలా తయారవుతాయి. గాలి తగిలి నల్లబడతాయి కాబట్టి కొందరు చూసి హడలిపోతారు. నానినా రాకపోతే డాక్టరు చిన్న పటకారుతో తీస్తారు. నీ మెళ్లో మంగళసూత్రాలకు తగిలించుకున్న పిన్నీసుకు ఇక్కడ పని లేదు. చెవులకు కూడా లేదు, అది వేరే ఉత్తరం. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుస్సుమని పొంగితే మురికంతా పోయినట్టే అనిపిస్తుంది, కానీ మాటిమాటికీ పోస్తే మంచి చర్మమే దెబ్బతింటుంది.

అలాగని అక్కడ ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలకూడదని రుద్దకు. అమెరికాలోనే నార్త్ కరొలినాలో శాస్త్రవేత్తలు 60 మంది బొడ్డుల్లోంచి నమూనాలు తీసి చూస్తే 2,368 రకాల బాక్టీరియా లెక్కకొచ్చాయి. అందరిలోనూ ఉన్న రకం ఒక్కటీ లేదట. వాటిలో చాలామటుకు మనల్ని ఏమీ అనవు. మీ ఆయన బొడ్డులో చేరే దూదిపింజకు కూడా కంగారు పడకు. పొట్ట మీది వెంట్రుకలు బనీను పోగుల్ని గీరి గుంటలోకి తోస్తాయి, అంతే. ఒక ఆస్ట్రేలియా మనిషి 1984 నుంచి తన బొడ్డు దూదిని దాచుకుని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఇదొకటి మీ ఆయనకు చెప్పకు, మొదలెడతాడు.

బొడ్డులో ఆముదం వేసుకుంటే కళ్ల చూపు మెరుగవుతుందని, నెయ్యి వేస్తే మోకాళ్లు నిమ్మళిస్తాయని, అక్కణ్నుంచి డెబ్భైరెండు వేల నరాలు పోతాయని వాట్సాప్‌లో నాకు పంపింది నువ్వే. పుట్టినప్పుడు బొడ్డు దగ్గర తెరిచి ఉన్న రక్తనాళాలు మూసుకుపోయి పీచుల్లా మిగులుతాయి. కాలేయం వైపు పోయిన సిర ఇప్పుడొక తాడు ముక్క. నూనె అక్కణ్నుంచి కంటికి ఎక్కే దారి లేదు. వేడి చేసిందని పొట్ట మీద ఆముదం మర్దన చేసుకుంటే హాయిగా ఉంటుంది, చేసుకో. గుంటలో మాత్రం మిగలనివ్వకు.

కడిగేటప్పుడు కళ్లు కూడా పెట్టు. ఇది నర్సుగా చెబుతున్నాను. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో, సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, సిస్టర్ మేరీ జోసెఫ్ అని ఒక సన్యాసిని ఉండేది. 1892 నుంచి 1939లో చనిపోయేదాకా ఆ ఆసుపత్రి బాధ్యతలు చూసింది. విలియం మేయో అనే పెద్ద సర్జనుకు ఆపరేషన్లలో కుడిచెయ్యి. రోగి పొట్ట కడిగి సిద్ధం చేసేటప్పుడు ఆమె ఒకటి గమనించింది: బొడ్డులో గట్టి గడ్డ తగిలిన వాళ్లకు పొట్ట కోసి చూస్తే లోపల క్యాన్సరు పాకి ఉంటోంది. ఆయనకు చెప్పింది. ఆయన 1928లో దాని గురించి రాశాడు. 1949లో హామిల్టన్ బెయిలీ అనే ఇంగ్లీషు సర్జను తన పుస్తకంలో ఆ గడ్డకు ఆమె పేరే పెట్టాడు. ఇవాళ్టికీ వైద్య విద్యార్థులు ఆ పేరుతోనే చదువుతారు. స్కానింగులు లేని కాలం చూడు. ఎందరో డాక్టర్ల చేతులు తిరిగిన పొట్ట మీద, సబ్బు గుడ్డ పట్టుకున్న మనిషికి అది కనిపించింది. డ్యూటీలో పిల్లనర్సులకు ఈ కథ చెప్పకుండా నేనెప్పుడూ ఉండలేకపోయేదాన్ని.

అలాంటి గడ్డ అరుదు. నిన్ను భయపెట్టడానికి రాయలేదు. కానీ మానని గట్టి గడ్డ కనిపించినా, రక్తమో చీమో వస్తున్నా, నీళ్లలాంటిది ఊరుతున్నా "మురికేలే" అని సరిపెట్టుకోకు. మూత్రాశయం నుంచి బొడ్డు దాకా గర్భంలో ఒక గొట్టం ఉంటుంది. కొందరికి అది పూర్తిగా మూసుకోక, పెద్దయ్యాక కూడా తడి ఊరుతుంది. నీకు పిత్తాశయం తీసినప్పుడు బొడ్డు దగ్గరే గాటు పెట్టారు కదా, అక్కడ ఉబ్బు కనిపించినా చూపించు. ఆ ఉబ్బు నొక్కినా లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే క్షణం ఆగకూడదు, పేగు ఇరుక్కుని ఉండొచ్చు.

ఇంతకీ మీ అల్లుడు నీకు తీసిన ఇన్సూరెన్సు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో అడిగి పెట్టుకో. సిగ్గయితే ఈ ఉత్తరం చివరి పేజీలు చింపి అమ్మాయి చేతికిచ్చెయ్. అది అర్థం చేసుకుంటుంది. షుగరు ఎంతుందో రాయి. తిన్నాక చూసింది కాదు, పరగడుపున చూసింది.

నీ
కామేశ్వరి