బాతుపిల్లల తొలి ఈత

పిల్లలూ! మీరెప్పుడైనా మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లారా? వెళ్లకపోతే ఈ నెల నాతో రండి.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. 1919లో రవీంద్రనాథ టాగూరు ఈ ఊళ్లో బసచేసి, తన ‘జనగణమన’ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఎత్తుమీది సీమ కాబట్టి చలికాలం ఉదయాన ఇక్కడి గాలి జిల్లుమంటుంది. చెరువు నీళ్లు చెప్పనే అక్కరలేదు. ఈ చలి సంగతి గుర్తుపెట్టుకోండి. దానితో మనకు పని ఉంది.

అదుగో, పుంగనూరు! మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవులకు పేరుపడ్డ ఊరు. ఆవులను చూద్దామని దిగి నడుస్తూ ఉంటే, ఒక కుంటగట్టున వింత కనబడింది. ఒక కోడిపెట్ట గట్టుమీద అటూ ఇటూ పరుగెత్తుతూ గొంతు చించుకుని అరుస్తున్నది. దాని పిల్లలు అయిదూ తిన్నగా నీళ్లవైపు పోతున్నాయి! అంతలో ఒక అవ్వ వచ్చి, వాటిని చీరకొంగులోకి ఎత్తుకున్నది.

“అవ్వా, కోడిపిల్లలు నీళ్లలోకి పోతాయా?” అని అడిగాను.

అవ్వ నవ్వి, “ఇవి బాతుపిల్లలు నాయనా! కోడి పొదిగిందంతే,” అన్నది.

గుడ్లు బాగా పెట్టే బాతులు చాలావరకు పొదగవు. అందుచేత గుడ్లను కోడికింద పెడతారు. కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అవుతుంది. బాతుగుడ్డుకు 28 రోజులు పడుతుంది. పాపం, కోడి ఇంకొక వారం ఓపిక పట్టాలి!

“బాతుకు ఈత పుట్టుకతోనే వస్తుంది గదా, ఎందుకు ఆపావు?”

“ఈత వస్తుంది. చలికి తట్టుకునేది రాదు. పోయిన తూరి ఏమరుపాటున నాలుగింటిని పోగొట్టుకున్నా,” అన్నది అవ్వ.

అవ్వ మాట నిజం. పెద్దబాతు తోక మొదట నూనెగ్రంథి ఉంటుంది. ఆ నూనెను ముక్కుతో తీసి ఈకలకు పూసుకుంటుంది. పిల్లకు ఇంకా ఈకలు లేవు, మెత్తని నూగే ఉంటుంది. ఎక్కువసేపు నానితే నూగు బరువెక్కుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, గట్టెక్కే శక్తి పోతుంది. తల్లిబాతు ఉంటే పిల్లలను వెంటనే రెక్కల కింద వెచ్చగా దాచుకుంటుంది. కోడితల్లి నీళ్లలోకి రాలేదు గదా! ఆ పని మనమే చెయ్యాలి.

అవ్వ చేసే పద్ధతి ఇది. మొదటి వారం లోతులేని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తుంది. ముక్కు మునగాలి, ఒళ్లు మునగరాదు. మేత పెట్టినప్పుడల్లా పక్కనే నీళ్లు ఉండాలి. లేకపోతే మేత గొంతులో పట్టుకుంటుంది. తరువాత మంచి ఎండవేళ, వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి, ఎక్కి రావటానికి ఒక ఇటుక పెట్టి వదులుతుంది. పక్కనే కూర్చుంటుంది. కాసేపటికే తీసి, పొడిగుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచుతుంది. సుమారు రెండు నెలలకు ఈకలు నిండుతాయి. అప్పుడు కుంటలోకి వదులుతుంది. మీరు మటుకు పెద్దవాళ్లు లేకుండా ఏ కుంటకూ పోకండి!

మళ్లీ బస్సెక్కి కుప్పం చేరాము. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోటిది. ఒకే వీధిలో మూడు భాషలూ వినిపిస్తాయి. అక్కడి మాటలు వింటూంటే, కోడిభాష వింటూ పెరిగే బాతుపిల్లలు నాకు జ్ఞాపకం వచ్చాయి.

కోడిని అవి తల్లి అని ఎందుకు అనుకుంటాయి? గుడ్డులోంచి రాగానే కంటబడి కదిలే ప్రాణినే అవి తల్లిగా నమ్ముతాయి. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ ఈ విషయాన్ని పరిశీలించి లోకానికి చాటాడు. హంసజాతి పిల్లలు ఆయన వెంటే నడిచేవి, ఆయన ఈదితే వెంట ఈదేవి. జంతువుల నడవడిని గురించిన పరిశోధనకు 1973లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

రేపు మీ ఇంట బాతుపిల్లలుంటే అవి మీ వెంటా రావచ్చు, నీళ్లలోకైనా సరే! నమ్మి వెంట వచ్చేదాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నామో మనకు తెలిసి ఉండాలి గదా!