చుక్క ఎక్కడిది?

గోదావరిఖని చౌరస్తా దాటి కొంచెం లోపలికి పోతే, వేపచెట్టు కింద ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందు తెల్ల అంబాసిడర్, దాని కింద రాత్రంతా పరిచి ఉంచిన అట్టముక్క. నేను వెళ్లేసరికి మెకానిక్ కారు వైపు చూడడం లేదు. అట్టను బయటికి లాగి దాని ముందు గొంతుక్కూచున్నాడు. దాని మీద ఏడు మచ్చలు. ఐదు ఒకచోట గుంపుగా, క్లచ్ హౌసింగ్ కింద పడ్డవి. రెండు ఇంకాస్త ముందుకు, విడిగా.

"ప్యాకింగ్ మార్చుడు గంట పని సార్. ఎక్కడికెల్లి కారుతాందో పట్టుడే రెండు దినాల పని," అన్నాడు తలెత్తకుండానే.

కారు ఒక రిటైర్డ్ ఓవర్‌మన్‌ది. మూడు దశాబ్దాలకు పైగా బొగ్గు బాయిలో చేసిన మనిషి. కారు 1972 నాటి మార్క్ 2. అంతకుముందు వేరే ఊళ్లో చూపిస్తే, క్రాంకు వెనక సీలు పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నారట. ఖర్చు విని ఆయన కారును ఇంటికి తోలుకొచ్చేశారు.

ఆ మాటలో ఒక చిక్కుంది. ఈ ఇంజిన్‌కు క్రాంకు వెనక రబ్బరు సీలే లేదు.

అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండ్‌ది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారు చేసి అమ్మింది. 2014 మేలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగేదాకా బండి రూపం పెద్దగా మారలేదు. మార్క్ 2లో ఉండేది బీఎంసీ బి-సిరీస్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు. వెనక చివర సీలుకు బదులు షాఫ్టు మీదే మర కోసి ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ మర, బయటికి రాబోయే నూనెను లోపలికే తిప్పి పంపుతుంది. ఇంజిన్ ఆగితే మరా ఆగుతుంది, ఆ సందులో మిగిలిన నూనె ఒకటి రెండు చుక్కలుగా జారుతుంది. ఇదే వంశంలో 1964లో ఐదు బేరింగుల 1798 సీసీ ఇంజిన్ వచ్చాక వెనక సీలు పెట్టారు. మన అంబాసిడర్ మాత్రం పాత మరతోనే నడిచింది. కాబట్టి ఈ కారు ఒకటి రెండు చుక్కలు రాలిస్తే రోగం కాదు. ఐదు రాలిస్తే మాత్రం ఆలోచించాలి.

మెకానిక్ మొదట చేసిన పని కడగడం. గ్యాసునూనె, పాత బ్రష్షు, ఒక ఇనుప చీపురు పుల్ల. బొగ్గు లారీలు తిరిగే ఊళ్లో ఇది చిన్న పని కాదు. దుమ్ము ఇక్కడ అన్నిటి మీదా పడుతుంది గానీ, నూనె తడి ఉన్నచోట అంటుకుని గట్టిపడి, తారురోడ్డు పెచ్చులా తయారవుతుంది. ఆ పెచ్చు తీయకుండా కారుడు వెతకడమంటే మట్టి కొట్టుకున్న గోడ మీద పగులు వెతకడమే. గంటన్నర గీకాక ఇంజిన్ అసలు రంగు బయటపడింది. ఆకుపచ్చ అని ఓవర్‌మన్‌కే అప్పుడు తెలిసింది!

ఆరాక ఇంజిన్ చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. బండి స్టార్టు చేసి ఇరవై నిమిషాలు వదిలేశాడు. నల్ల ఊళ్లో తెల్ల ఇంజిన్, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. తడి చేరినచోటల్లా పౌడరు ముద్దయి గీత పడుతుంది. ఆ గీతను కింది నుంచి పైకి చదవాలి. నూనె కిందికి జారుతుంది, రేడియేటర్ ఫ్యాను గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకే చుక్క పడేచోటు ఎప్పుడూ వెనకా కిందా ఉంటుంది, పుట్టినచోటు ముందూ పైనా ఉంటుంది.

ఈ కారులో గీత మానిఫోల్డ్ వెనక్కి ఎక్కింది. అక్కడ బ్లాకు పక్కన రెండు రేకు మూతలుంటాయి, లోపల టాపెట్లు. ఒక్కో మూతను నడిమధ్య ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది, చుట్టూ కార్కు ప్యాకింగ్. వెనక మూత అంచున తడి మెరుస్తోంది. అక్కణ్ణుంచి బ్లాకు వెంట జారి, క్లచ్ హౌసింగ్ మీదుగా తిరిగి, సరిగ్గా క్రాంకు సీలు పోయినట్టే కింద చుక్క వేస్తోంది. ఇంజిన్ దించమన్నవాళ్లు చుక్క పడ్డచోటు చూసి తీర్పు చెప్పేశారన్న మాట. క్లచ్ హౌసింగ్ కింది మచ్చలు నల్లగా కాక తేనెరంగులో ఉంటే గేరుబాక్సును అనుమానించేవాణ్ణి అన్నాడు మెకానిక్. ఇంజిన్ ఆయిల్ మసి పట్టి త్వరగా నల్లబడుతుంది, గేరు నూనె అలా కాదు. ఇక్కడ అన్నీ నలుపే. ముందుకు పడ్డ రెండు మచ్చలూ ఆయిల్ చాంబర్ ముందు బోల్టుల దగ్గరివి, బిగిస్తే ఆగాయి.

మూత విప్పి అద్దం మీద పెడితే ఊగింది. కారుడు కనబడగానే ఎవరో బోల్టును బలంగా బిగించారు. నడుమ లోపలికి వంగి, అంచులు పైకి లేచాయి. ఎంత బిగిస్తే అంత కారుతుంది. అంచులను చెక్క సుత్తితో సరిచేసి, కార్కు షీటు కత్తిరించి కొత్త ప్యాకింగ్ వేశాడు. పని అయిపోయిందనుకున్నాను.

అతను అలా అనుకోలేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. కుక్కర్ విజిల్ కాదు గానీ, స్పష్టంగా ఉఫ్ ఉఫ్‌మని తోస్తోంది. షెడ్డు భాషలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగుల పక్కనుంచి దిగిన మంట వాయువు చాంబర్‌లోకి చేరుతుంది. కొంత ఎప్పుడూ చేరుతుంది, అందుకే ముందు టాపెట్ మూత నుంచి ఒక గొట్టం కిందికి దింపారు, గాలి పోవడానికి. ఆ గొట్టం నోట్లోకి చీపురు పుల్ల దూర్చితే, సగం కూడా పోలేదు. నూనె ఆవిరీ బొగ్గు దుమ్మూ కలిసి అడ్డం కట్టాయి. లోపలి ఒత్తిడికి దారి దొరక్క, బలహీనమైన ప్రతి ప్యాకింగునూ అది తోస్తోంది.

అప్పటిదాకా స్టూలు మీద మౌనంగా ఉన్న ఓవర్‌మన్ నవ్వారు. "గిదా సంగతి! బాయిల ఫ్యాను బందయితే మనుషులను బయటికి తీస్తం తమ్మీ. లోపల గాలి ఆడకుంటే ఏదీ నిలవది. దీనికి ఊపిరాడ్తలేదని ఇన్నేండ్లు తెల్వకపాయె."

"రింగులు గూడ కొంచెం అరిగినయి కాకా," అన్నాడు మెకానిక్. ప్లగ్గులు విప్పి నాలుగు బోర్లకూ కంప్రెషన్ గేజి పెట్టాడు, తర్వాత ఒక్కో బోరులో చెంచా నూనె పోసి మళ్లీ చూశాడు. మూడో బోరులో ముల్లు పైకి లేచింది. రింగులు అరిగితే నూనె తాత్కాలికంగా ఆ సందు మూస్తుంది, లెక్క పెరుగుతుంది. వాల్వులదైతే పెరగదు. బోరు పని ఇప్పుడే వద్దని ఇద్దరూ తేల్చుకున్నారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరు, ఎండకు నూనె ఇంకా పలచబడుతుంది. అందుకని 20డబ్ల్యూ-50 నూనె పోసి, అడ్డం తీసిన గొట్టాన్ని ఏటా రెండుసార్లు కడగాలన్నాడు.

యాభై ఏళ్లు దాటిన బండి కదా, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చని నేను గుర్తు చేశాను. కొత్త రిజిస్ట్రేషన్‌కైతే ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ అలాంటి బండిని మామూలు రాకపోకలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు, అంతే. "మరి కూరగాయలకు దేని మీద పోవాలె?" అన్నారు ఓవర్‌మన్.

మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. అట్ట మీద కొత్త మచ్చలు రెండు, క్లచ్ హౌసింగ్ కిందే. మెకానిక్ పెన్సిల్‌తో వాటి చుట్టూ సున్నాలు చుట్టి, పక్కన తేదీ వేశాడు. ఓవర్‌మన్ ఆ అట్టను నాలుగు మడతలు పెట్టి డిక్కీలో స్టెపినీ పక్కన దాచుకుని, కూరగాయల సంచి ముందు సీట్లో పడేశారు.