ఎగరకున్నా తినే తుప్పు

ఇంజను ఇనుప స్టాండు మీద పడుకుని ఉంది. పొట్ట నిలువునా కోసి లోపలి భాగాలకు రంగులు వేశారు. గాలి దారి నీలం, మంట ఉండే చోటు ఎరుపు, నూనె గొట్టాలు పసుపు. మాస్టారు ఆ రంగుల జోలికి పోలేదు. రంగు వేయని ఒక మూలకు వంగి, గేర్ల పెట్టె అంచున బోల్టు చుట్టూ పేరుకున్న తెల్లపొడిని గోటితో గీకి నా అరచేతిలో వేశారు.

"ఇదేటనుకుంటన్నారు? సున్నం కాదండి, మెగ్నీషియం తుప్పు. ఎర్రగా ఉంటేనే తుప్పనుకుంటారు మనవోళ్లు."

తార్నాక నుంచి ఫ్లైఓవర్ ఎక్కి రైలు పట్టాలు దాటితే వచ్చే లాలాపేట్‌లో, ఒక సందు చివర రేకుల షెడ్డు అది. విమానాల మరమ్మతు లైసెన్సు పరీక్షలకు చదివే పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పే చోటు. ఉస్మానియా హాస్టళ్లలో ఉంటూ ఇంజనీరింగ్ చదివే ఒకరిద్దరు కూడా సాయంత్రాలు ఇక్కడికి వస్తారు. ఇనుము కొట్టే చప్పుడు ఈ పేటకు కొత్త కాదు. పక్కనే లాలాగూడలో నిజాం రైల్వే వాళ్ల వర్క్‌షాపు 1893లోనే మొదలైంది. హెలికాప్టరు ఇంజను మాత్రం ఈ సందులో ఉంటుందని నేననుకోలేదు.

మాస్టారిది శ్రీకాకుళం వైపు. నౌకాదళంలో హెలికాప్టర్ల మెకానిక్‌గా విశాఖపట్నంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. స్టాండు మీద ఉన్నది చేతక్ ఇంజను, పేరు ఆర్టూస్ట్ 3బీ. ఫ్రెంచివాళ్ల డిజైను. 1960లలోనే ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఈ హెలికాప్టర్లను మన దేశంలో కట్టడం మొదలుపెట్టింది. హకీంపేట్‌లో వైమానిక దళం హెలికాప్టరు పైలట్లు నేర్చుకునేది కూడా చేతక్ మీదే. ఇంజను నిమిషానికి 33 వేల చుట్లు పైగా తిరుగుతుంది. అంత వేగంతో తిరిగే చక్రం మీద ఆవగింజంత గుంట పడినా చాలు, పగులు అక్కడే మొదలవుతుంది.

"హకీంపేట్ బండి, విశాఖ బండి ఒకటేనా మాస్టారూ?" అని అడిగాను.

"అన్నదమ్ములే. గానీ ఒకడు ఉప్పు తింటన్నాడు."

ఆ తిండి ఎలా జరుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. నీళ్ల మీద తక్కువ ఎత్తులో నిలబడినప్పుడు రెక్కల గాలి సముద్రాన్ని చిమ్ముతుంది. ఆ తుంపరను ఇంజనే పీల్చుకుంటుంది. కంప్రెసరు బ్లేడ్ల మీద ఉప్పు పొరకట్టి, దాని కింద లోహంలో సన్నటి గుంటలు పడతాయి. అక్కడ ఆగని ఉప్పు మంట దగ్గరికి పోతుంది. ఇంధనంలో ఉన్న గంధకంతో కలిసి సోడియం సల్ఫేటుగా మారి, టర్బైను బ్లేడ్ల మీద కరిగి అంటుకుంటుంది. బ్లేడును కాపాడే ఆక్సైడు పొరను అదే తినేస్తుంది. పొర పోయాక బ్లేడు ఎంత ఖరీదైన నికెల్ మిశ్రమమైతే ఏం, లోపలికంటా గుల్లవుతుంది.

మందు మాత్రం చవకే. మంచినీళ్లు. ఆ రోజుకు చివరిసారి దిగి ఇంజను చల్లారాక, మంట వెలిగించకుండా స్టార్టరుతో తిప్పుతూ లవణాలు తీసేసిన నీటిని లోపలికి కొట్టాలి. తర్వాత కాసేపు నడిపి ఆరబెట్టాలి. సముద్రం మీద ఎగిరిన రోజున ఇది మానకూడదు. "రాత్రి తొమ్మిదికి దిగినా కడగాల్సిందే. రేపు పొద్దున్న కడుగుదాం అన్నాడంటే ఆ రాత్రంతా ఉప్పుకి డ్యూటీ."

ఆ మాట దగ్గరే నాకు విషయం పట్టుబడింది. ఇంజనుకు వయసు అంటే ఎగిరిన గంటలని అందరం అనుకుంటాం. లాగ్‌బుక్కులు నిండేది గంటలతోనే, ఓవర్‌హాలు గడువులు ముందుగా చెప్పేది గంటలతోనే. అలసి పగిలే లోహానికి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే పని చేస్తేనే అది అలుస్తుంది. తుప్పు అలా కాదు. బండి నిలబెట్టిన రోజే దానికి ఎక్కువ తీరిక. అందుకే తుప్పు పట్టే భాగాల నియమాలు చదివితే ఇన్ని గంటలు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రెండు గడువులు కనిపిస్తాయి. ఎక్కువ ఎగిరేవాళ్లకు మొదటిది, తక్కువ ఎగిరేవాళ్లకు రెండోది ముందుగా తగులుతుంది. తక్కువ ఎగిరించాం కాబట్టి మా ఇంజను కొత్తదే అనే యజమాని ధీమాను ఆ రెండో అంకె ఒప్పుకోదు.

కోవిడ్ ఏడాది దీన్ని ప్రపంచమంతటికీ చూపించింది. విమానాలు వారాల తరబడి కదల్లేదు. మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక పాత తరహా బోయింగ్ 737లలో ఒక ఇంజను గాల్లోనే ఆగిపోయిన ఘటనలు నాలుగు జరిగాయి. చూస్తే, ఇంజను నుంచి గాలి తీసే దారిలో ఉన్న ఒక చిన్న వాల్వు తుప్పుపట్టి తెరుచుకున్న చోటే బిగుసుకుంది. 2020 జూలైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అత్యవసర ఆదేశం ఇచ్చింది. వరుసగా ఏడు రోజులు, అంతకు మించి ఎగరని ప్రతి విమానంలోనూ ఆ వాల్వులు పరీక్షించాలి, తుప్పు ఉంటే మార్చాలి, ఆ తర్వాతే ఎగరాలి. ఎగరకపోవడమే అక్కడ తప్పు.

అలాంటి ఆదేశాన్ని ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ అంటారు. షెడ్డులో పిల్లలు ఏడీ అంటారు. మాస్టారు దాన్ని చదివించే పద్ధతి బాగుంది. ముందు ప్రమాదం గురించి చదవనివ్వరు. "ఎవరికి వర్తిస్తదో అది చదవండ్రా ముందు" అంటారు. ఏ ఇంజను, ఏ పార్టు నంబరు, ఏ సీరియల్ నంబరు నుంచి ఏ నంబరు దాకా. ఆ పట్టీలో మన భాగం ఉందో లేదో తేలాకే మిగతాది. తర్వాత ఏం చూడాలి, ఎప్పటిలోగా, ఎంత లోతు గుంట దాకా ఒప్పుకోవచ్చు, మార్చిన పాత భాగాన్ని మళ్లీ ఎక్కడా బిగించకూడదన్న నిషేధం. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలో, ఆ ఇంజను డిజైను చేసిన దేశం జారీ చేసిన ఆదేశం ఇక్కడి పౌర విమానాలకూ తప్పనిసరి. కంపెనీ పంపే సర్వీసు బులెటిన్ వేరు. అది సలహా. ప్రభుత్వ సంస్థ దాన్ని తన ఆదేశంలోకి తీసుకున్న రోజున అది చట్టం.

సలహాకూ చట్టానికీ మధ్య ఎంత దూరమో చెప్పడానికి ఆయన ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. అది తుప్పు కథ కాదు, గడువు కథ. ఎస్-92 అనే సికోర్‌స్కీ హెలికాప్టరు. దాని కేబిన్లు తర్వాతి కాలంలో మన హైదరాబాద్ శివారులోనే టాటా వాళ్లు కట్టారు కాబట్టి పిల్లలు పేరు వినగానే తలెత్తుతారు. దాని గేర్‌బాక్సు నూనె ఫిల్టరు గిన్నెను మూడు టైటానియం స్టడ్లు పట్టుకుని ఉండేవి. 2008 జూలైలో ఆస్ట్రేలియాలో ఒకదానికి ఆ స్టడ్లు విరిగి నూనె పోయింది, ఎలాగో దిగారు. 2009 జనవరి చివర్లో కంపెనీ బులెటిన్ పంపింది. వాటి బదులు ఉక్కు స్టడ్లు వేయండి, 1,250 గంటల్లోగా లేదా ఏడాదిలోగా. మార్చి 12న కెనడా తూర్పు తీరం నుంచి చమురు బావుల దగ్గరికి వెళుతున్న ఎస్-92లో అవే స్టడ్లు విరిగాయి. 18 మందిలో 17 మంది చనిపోయారు. మార్చి 23న అమెరికా అత్యవసర ఆదేశం వచ్చింది. ఇప్పుడు గంటలూ లేవు, ఏడాదీ లేదు. మార్చాకే ఎగరాలి.

"సార్, ఫస్ట్ దినమే గట్ల ఎందుకు చెప్పలే?" అని ముందు వరుసలోని అబ్బాయి అడిగాడు.

మాస్టారు వెంటనే జవాబివ్వలేదు. ప్రపంచమంతా ఉన్న బండ్లన్నీ ఒకేరోజు ఆపేస్తే సముద్రంలో బావుల మీద ఉన్నవాళ్లను తెచ్చేదెవరు, ఆస్పత్రికి రోగిని చేర్చేదెవరు, అందరికీ సరిపడా స్టడ్లు ఏ గిడ్డంగిలో ఉన్నాయి అని తిరిగి అడిగారు. నాకు ఆ సమాధానం పూర్తిగా నచ్చలేదు. ఆస్ట్రేలియాలో విరిగినప్పటి నుంచి బులెటిన్ వచ్చేదాకా ఆరు నెలలకు పైగా పట్టింది, మనుషులు చనిపోయాక ఆదేశానికి పట్టింది పదకొండు రోజులు. విడిభాగాల కొరత నిజమే కావచ్చు గానీ ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కొరత ఒక్కటే కారణంగా కనబడదు.

టీ తాగాక భాగం మార్చి చూపించారు. అసలు మార్చడానికి పట్టిన సమయం తక్కువ. దానికి ముందూ వెనకా జరిగేదే ఎక్కువ. మెగ్నీషియం పెట్టెలోకి ఉక్కు బోల్టు నేరుగా దిగకూడదు. రెండు వేరు లోహాలు, మధ్యన తడి, ఇంతే చాలు. ఊరగాయ జాడీలో ఇనుప గరిటె వదలని ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. జాడీలో పాడయ్యేది గరిటె, ఇక్కడ పాడయ్యేది జాడీ. అందుకే మధ్యలో తగిన వాషరు వేసి, సీలెంటు పూసి, అది ఆరకముందే బిగిస్తారు. టార్క్ రెంచికి కాలిబ్రేషన్ తేదీ దాటలేదని చూసి, ఆ రెంచి నంబరు కూడా కాగితం మీద రాస్తారు. రబ్బరు రింగుకు సైతం గడువు తేదీ ఉంటుంది. బిగించాక లాకింగ్ వైరు వేస్తారు, బోల్టు వదులవబోతే వైరు లాగి పట్టేలా. ఒక అమ్మాయి దాన్ని తిరగేసి చుట్టింది. మాస్టారు కట్టరు అందించారే తప్ప ఏమీ అనలేదు. ఆమే తెంపి మళ్లీ వేసింది.

రెండు ఇంజన్ల హెలికాప్టరయితే రెంటి మీదా ఒకే పని ఒకే మనిషి ఒకే పూట చేయడాన్ని తప్పించాలి. చేయి పొరపాటు చేస్తే రెండుచోట్లా అదే పొరపాటు చేస్తుంది.

తేమ ఎక్కడ దాక్కుంటుందో చెప్పడానికి ఆయన ఈసీ225 అనే హెలికాప్టరు కథ ఎత్తారు. 2012 మేలో, అక్టోబరులో ఉత్తర సముద్రం మీద రెండు హెలికాప్టర్లు నీళ్లలో దిగాయి. రెంటిలోనూ గేర్‌బాక్సులో నూనె పంపులను నడిపే నిలువు షాఫ్టు విరిగింది. అందులో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి, దానికొక బిరడా. బిరడాకూ లోహానికీ మధ్యనున్న సందులో తేమ నిలిచింది, గుంట పడింది, వెల్డింగులో మిగిలిన బిగువు ఆ గుంటను పగులుగా మార్చింది. రెంటిలో కలిపి 33 మంది, అందరూ బతికారు. ఆ రకం హెలికాప్టర్లు మరుసటి ఏడాది జూలై దాకా సముద్రం మీద దాదాపుగా ఆగిపోయాయి. బయటికి ఏ మచ్చా కనిపించని తుప్పు అది. కడిగితే పోదు, తుడిస్తే పోదు. ఆ రంధ్రం రూపాన్నే మార్చి కొత్త షాఫ్టు చేయాల్సి వచ్చింది.

కొత్త భాగాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నగరానికి ఆ కొసన కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. హెలికాప్టరు ఇంజనులో అతి వేడి చోట ఉండే టర్బైను బ్లేడ్లను ఒకే స్ఫటికంగా పోతపోసే విద్య అక్కడ సాధించారు. 2021లో అలాంటివి 60 బ్లేడ్లు హెచ్‌ఏఎల్‌కు ఇచ్చారు. ప్రపంచంలో కొద్ది దేశాలకే తెలిసిన పని అది. పిల్లలు దాని గురించి గర్వంగానే మాట్లాడారు. మాస్టారు మాత్రం "దానికీ నీళ్లు కొట్టాల్సిందే" అన్నారు.

తీసేసిన భాగాల అల్మరా షెడ్డు మూలన ఉంది. తాళం, రిజిస్టరు, ఎర్ర ట్యాగులు. బాగున్న భాగాల పక్కన వీటిని పెట్టకూడదు. ఎందుకంత పట్టింపు అని అడిగితే 2023 సంగతి చెప్పారు. లండన్‌లోని ఒక వ్యాపారి నకిలీ ధ్రువపత్రాలతో ఇంజను విడిభాగాలు అమ్మాడని బయటపడింది. చాలా విమాన సంస్థలు ఇంజన్లు విప్పి వెతుక్కోవాల్సి వచ్చింది. భాగం కంటికి బాగానే ఉండొచ్చు. అది ఎక్కడ పుట్టింది, ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నాళ్లు ఏ గోదాములో తేమలో పడి ఉంది అన్నది కాగితమే చెప్పాలి. ఆ కాగితం అబద్ధమైతే ఇన్ని నియమాలూ గాలికే. పారేసిన భాగం పాలిష్ పట్టుకుని, కొత్త కాగితం తగిలించుకుని తిరిగి వచ్చే దారి మూయాలంటే ఒకటే పద్ధతి. పనికిరాదని రాసిన రోజే దాన్ని ఇంకెవరికీ పనికిరాకుండా చేయడం.

అల్మరాలోంచి గుంటలు పడ్డ పాత కంప్రెసరు చక్రం ఒకటి తీశారు. గుంట ఎక్కడుంది, లోతెంత అన్నది ఆ అమ్మాయి రిజిస్టరులో రాసింది. వట్టిగా 'తుప్పు' అని రాస్తే ఒప్పుకోలేదు, మళ్లీ రాయించారు. అబ్బాయి పక్కన సంతకం పెట్టాడు, పెట్టాక కూడా నసిగాడు.

"గంటలు ఇంక సగం గూడ అయిపోలే సార్. చూస్తే మంచిగనే ఉంది. నెల్లు దాటినయని పారేస్తే ఓనరు ఊకుంటడా?"

"ఊకోడు. ఫోను చేస్తాడు, పై అధికారి చేత చేయిస్తాడు. లైసెన్సు ఎవరిది, నీదా ఆయనదా?"

అబ్బాయి నవ్వి చక్రాన్ని వైసులో బిగించాడు. అమ్మాయి కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండరు ఆన్ చేసింది. బ్లేడ్లు తెగాయి. సీరియల్ నంబరు చెక్కిన మధ్యభాగం అలాగే మిగిలింది. ఆమె గ్రైండరు ఆపబోతుంటే ఆ రొదలోనే మాస్టారు గట్టిగా అరిచారు.

"నంబరు మీంచి కొయ్యమ్మా! పక్కనించి కాదు."