పులియని రసం

నేను మొదట కాపరిగా వెళ్లిన సంఘంలో నాటుసారా మానుకొని మారుమనస్సు పొందిన సహోదరుడొకడు ఉండేవాడు. సంస్కారపు ఆదివారం రొట్టె తీసుకొనేవాడు. గిన్నె తన వరుసకు వచ్చేసరికి తలవంచుకొని బయటికి వెళ్లిపోయేవాడు. ఒకసారి గట్టిగానే అడిగాను. "అయ్యగారూ, ఆ వాసన తగిలితే చాలు, పాత మనిషి లేస్తాడండి" అన్నాడు. విశ్వాసం చాలలేదని మందలించి పంపాను. మా జాడీలోని ద్రాక్షారసం నెలల తరబడి పులిసినదేనన్న సంగతి నాకు తట్టనేలేదు.

తరువాత వెల్చ్ గ్రేప్ జ్యూస్ చరిత్ర చదివాను. అమెరికాలోని న్యూజెర్సీలో, వైన్‌ల్యాండ్ అనే ఊరిలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ గారు దంతవైద్యుడు. మెథడిస్టు సంఘంలో సంస్కారపు బల్ల సిద్ధపరచే పని ఆయనదే. తాగవద్దని బోధించే సంఘమే గిన్నెలో మద్యం పోయడం ఆయనకు మింగుడుపడలేదు.

ద్రాక్ష తొక్కమీదే కంటికి కనబడని ఈస్టు ఉంటుంది. పండు నలిగిందా, అది రసంలోని చక్కెరను తిని మద్యంగా మారుస్తుంది. వేడికి అది చస్తుందని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ అప్పటికే చూపించాడు. 1869లో వెల్చ్ గారు కాంకర్డ్ రకం ద్రాక్ష ఉడికించి, గుడ్డలో వడగట్టి, సీసాలలో పోసి బిరడాలు బిగించి, ఆ సీసాలను మరిగే నీళ్లలో ఉంచారు. రసం పులియలేదు! అయినా సంఘాలు పెద్దగా కొనలేదు. ఆయన మళ్లీ పళ్ల వైద్యానికే మళ్లారు.

కుమారుడు చార్లెస్ పట్టు వదలలేదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జనానికి రుచి చూపించాడు. 1913లో అమెరికా విదేశాంగ మంత్రి బ్రయన్ గారు రాయబారుల విందులో వైనుకు బదులు ద్రాక్షరసమే పోయిస్తే పత్రికలు ఎగతాళి చేశాయి. సరుకుకు మాత్రం పేరొచ్చింది. 1956లో ఆ కంపెనీని ద్రాక్ష రైతుల సహకార సంఘమే కొనుక్కొంది. మన చెరకు రైతులు వింటే ముచ్చటపడతారు.

అది చదివాక బజారునుండి నల్లద్రాక్ష తెచ్చాను. మా ఇంటావిడ ఉడికించింది. మరిగే నీళ్లలో ఒక సీసా పగిలి ఆమె చేత చీవాట్లు తిన్నాను.

సంస్కారానికి ముందురోజు సాయంత్రం మిగిలిన సీసా ఒకటి పట్టుకొని ఆ సహోదరుని ఇంటికి వెళ్లాను. నా మందలింపు తప్పని ముందు చెప్పుకొన్నాను. అతడు మూత తీసి వాసన చూశాడు. భార్యకిచ్చాడు. ఆమె కూడా చూసింది.

"రేపు కూర్చుంటానండి" అన్నాడు.