కలమజూలో అయస్కాంతపు మార్పిడి

మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిటు నుండి చికాగోకు పోవు దారిలో ఇంచుమించు నడిమిభాగమున నున్న కలమజూ నగరము, వీణను ప్రేమించు మనవారికి బొబ్బిలి యెట్టిదో, గిటారును ప్రేమించు అమెరికనులకు అట్టిది. అచ్చటి పార్సన్స్ వీధిలో 1917లో గిబ్సన్ సంస్థవారు కట్టించిన ఇటుకల కర్మాగారము నేటికిని నిలిచియున్నది. 1984లో ఆ సంస్థ నాష్‌విల్ నగరమునకు తరలిపోగా, ఊరు విడిచి పోనొల్లని పనివారు కొందరు మరుసటి యేటనే హెరిటేజ్ అను పేర స్వంత సంస్థను స్థాపించుకొని, తాము పని నేర్చిన ఆ కప్పు క్రిందనే గిటారులు చేయుట కొనసాగించిరి. ఆ వీధిలో నిలువబడి ఆ గోడలను తనివితీర చూచితిని గాని, నన్ను ఆ యూరికి రప్పించినది అవి కావు. అచ్చటికి కొంతదూరమున ఒక వృద్ధుడు నడుపుచున్న చిన్న మరమ్మతుశాల.

డెట్రాయిటు ప్రాంతమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, కొద్దిపాటి వెలకు కొన్న తన గిటారు యొక్క కర్కశధ్వనికి విసిగి, పికప్‌లు రెండును తీసివేసి క్రొత్తవి పెట్టింపదలచి ఆ వృద్ధునితో ఫోనులో మాటలాడగా, ఆయన తనకు రాదగిన బేరమును తానే వెనుకకు నెట్టి, “పికప్ ఉండనిమ్ము, ముందు దానిలోని అయస్కాంతమును మార్చి విందము, గిటారు పట్టుకొని రమ్ము” అని చెప్పెనట. వెలుపలికి కనబడని ఒక లోహపు ముక్కను మార్చినంత మాత్రమున వాద్యము గొంతు మారునా యను ఆసక్తి కలిగి నేనును వెంట బోయితిని.

విద్యుద్గిటారు చెక్కకు గాలి నిండిన గర్భము ఉండనక్కరలేదు. దాని నాదమంతయు తీగల క్రింద నమర్చిన పికప్ నుండియే వెడలును. ఆ పికప్‌లో ఒక అయస్కాంతమును, దాని బలమును పైకి గొనిపోవు ఉక్కు మేకులును, ఆ మేకులచుట్టు వేలకొలది చుట్లుగా చుట్టిన మిక్కిలి సన్నని రాగితీగయు నుండును. అయస్కాంతము తనపై నున్న ఉక్కుతంత్రిని సైతము కొంత అయస్కాంతముగా మార్చును. ఆ తంత్రి మీటబడి కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి, 1831లో ఫారడే నిరూపించిన సూత్రము ననుసరించి, రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానినే యాంప్లిఫయర్ పెంచి మనకు వినిపించును.

అయితే ఒంటిచుట్ట గల పికప్ తంత్రినాదముతో పాటు ఇంటి కరెంటు రొదను కూడ గ్రహించును. ఈ బాధను తొలగించుటకై గిబ్సన్ సంస్థలో యాంప్లిఫయర్ల పని చూచుచుండిన సెత్ లవర్ అను నాతడు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నిలిపి, వాటి క్రింద ఒకే అయస్కాంతపు పలకను పరుండబెట్టి, దాని ఉత్తరధ్రువము ఒక చుట్టలోని మేకులకును దక్షిణధ్రువము రెండవ చుట్టలోని మేకులకును తగులునట్లు చేసి, చుట్టలను ఎదురుదిశలలో కలిపెను. బయటి రొద రెండింటను ఎదురెదురుగా పుట్టి తనంతట తానే చల్లారును. తంత్రినాదము మాత్రము రెండింటను కూడుకొని బలపడును. 1955లో ఆతడు పేటెంటు కోరగా 1959లో అది లభించినది. ఆ కాలమున తయారైన పికప్‌ల అడుగున “పేటెంటుకు దరఖాస్తు చేయబడినది” అను చీటీ అంటించుచుండిరి. ఆ చీటీ గల పికప్ ఒక్కొక్కటి నేడు వేల డాలర్లు పలుకుచున్నది. అవి యెంత ప్రసిద్ధములైనను ఏ రెండును ఒక్కతీరున మ్రోగవనియు, అందుకు చుట్ల లెక్క సమముగా లేకపోవుట యొక కారణము కాగా, ఆనాడు చేతికందిన అల్నికో అను అయస్కాంతలోహపు రకమును, అది రెండవదో, మూడవదో, నాల్గవదో, అయిదవదో, చూడక పెట్టుటయే రెండవ కారణమనియు ఆ వృద్ధుడు వివరించెను. నేడు ప్రపంచమంతట గిటారు వాద్యకారులు శ్రద్ధతో చేయుచున్న ఈ మార్పిడికి బీజము ఆ పార్సన్స్ వీధిలోనే, ఎవరును కోరకయే, పడినదన్న మాట.

ఆయన బల్లపై ఒక చెక్కపళ్లెరమున అయస్కాంతపు పలకలు జతలు జతలుగా, ఒకదాని ఉత్తరధ్రువము మరియొకదాని దక్షిణధ్రువమునకు తగులునట్లు పేర్చియుండెను. సజాతి ధ్రువములను ఒత్తి యుంచినచో అల్నికో తన బలమును కొంత కోల్పోవునట. పలక పొడవు రెండున్నర అంగుళములు, వెడల్పు అరంగుళము, మందము అంగుళములో ఎనిమిదవ వంతు. కొన్నింటి ముఖము ఇసుక అచ్చులో పోసినది పోసినట్లే గరుకుగా నుండెను, కొన్నింటిని సానబట్టియుండిరి. 1931లో జపాను శాస్త్రజ్ఞుడు తోకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియముల మేళవింపున బలమైన అయస్కాంతము నిలుచునని కనుగొనుటతో మొదలైన లోహవంశమే యీ అల్నికో. అయిదవ రకమున కోబాల్టు నూటికి ఇరువదినాలుగు పాళ్ళు. రెండవ రకమున దాదాపు అందులో సగము. మూడవ రకమున బొత్తిగా లేదు. అదియుగాక అయిదవ రకమును బలమైన క్షేత్రమున నుంచి చల్లార్చుటచే దాని శక్తి యంతయు ఒకే దిశకు మొగ్గును. అందుచే అయిదవది ప్రబలము, రెండవది మృదువు, మూడవది మిక్కిలి సౌమ్యము. వీటికి దూరముగా నల్లని సెరామిక్ పలకలు వేరొక డబ్బాలో నుండెను.

మా వాని గిటారులో నుండినవి ఆ నల్లని పలకలే. వృద్ధుడు తంత్రులను వదులుచేసి, తంత్రులు ఆనియుండు బ్రిడ్జి వైపు పికప్‌ను వెలికి దీసి, బోర్లించి, దాని ప్రక్కన చిన్న దిక్సూచి నుంచెను. ముల్లు గిరుక్కున తిరిగి నిలిచిన వైపున సుద్దముక్కతో గీత గీచిన తరువాత గాని మరమేకు జోలికి పోలేదు. ధ్రువములను తారుమారు చేసి పెట్టినచో ఆ పికప్ ఒంటిగా మ్రోగునప్పుడు ఏమియు తెలియదు గాని, రెండు పికప్‌లను కలిపి వాయించినంతనే వాటి నాదములు ఒకదానినొకటి కొట్టివేసికొని, ధ్వని పలుచనై ముక్కుతో పలికినట్లగును. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందమును స్థాపించిన పీటర్ గ్రీన్ చేతిలోని 1959 నాటి లెస్ పాల్ గిటారుకు అట్టి తలక్రిందులైన అయస్కాంతమే విశిష్టమైన గొంతు నిచ్చినది. ఆ గిటారు పిమ్మట గారీ మూర్ అను వాద్యకారునికిని, 2014లో కర్క్ హామెట్ అను మరియొక వాద్యకారునికిని చేరినది.

పికప్‌లోని చుట్టలు కదలి కీచుమనకుండుటకు కర్మాగారమున మైనము పోయుదురు. ఆ మైనము మెత్తబడువరకు తల ఆరబెట్టుకొను యంత్రముతో గోరువెచ్చని గాలి పట్టి, అడుగున నున్న నాలుగు ఇత్తడి మరమేకులను ఊడదీయక వదులు మాత్రము చేసి, చుట్టలను గోటిమందము పైకెత్తెను. ఆ క్షణమున ఆయన ఊపిరి బిగబట్టుట నేను గమనించితిని. చుట్టనుండి వచ్చు ఆ రాగితీగ ఒక్కచోట తెగినను పికప్ మూగపోవును. పిదప క్రొత్త పలకను ఒక కొననుండి త్రోయగా పాతది రెండవ కొననుండి మెల్లగా జరిగి వెలుపలికి వచ్చెను. మరమేకులను ఒక్కసారిగా బిగింపక, మూలమూలకు కొంచెము కొంచెముగా బిగించి, మేకులన్నియు పలకకు సమముగా ఆనినవో లేవో ఎత్తి దీపపు వెలుతురున చూచెను.

మొదట పెట్టినది అయిదవ రకము. అంతకుముందు పైతంత్రులు చెవిని పొడుచుచుండెను. ఇప్పుడు అవి నిండుదనము పొందెను. దీనికి హేతువు బలము తగ్గుటయే కాదు. అల్నికో లోహము, సెరామిక్ లోహము కాదు. లోహపు పలక చుట్టల ప్రేరకతను ఇంచుక పెంచి, పికప్ మిక్కిలి పదునుగా పలుకు స్థానమును క్రిందికి దించును. తరువాత రెండవ రకమును పెట్టగా మధ్యస్వరములు ముందుకు వచ్చి, మీటు వ్రేటు మెత్తబడి, మంద్రతంత్రులు కొంత వదులైనట్లు వినబడెను. మా వాడు అది విని, “మామయ్యా, మీకు ఇదే నచ్చుతుందని తెలుసు. నాకు మాత్రం కింది తీగలు గట్టిగా పలకాలి” అని బ్రిడ్జి వైపున మరల అయిదవదానినే పెట్టించుకొని, మెడ వైపున మూడవ రకమును ఎన్నుకొనెను. ఆ మూడవ రకముతో మెడ వైపు పికప్‌లోని మబ్బు తొలగి ఒక్కొక్క స్వరము విడివిడిగా తెలియవచ్చెను.

అయస్కాంతము మార్చుట వలన కలుగు భేదము వట్టి భ్రమ యనువారు కలరు. వృద్ధుడు వారిని త్రోసివేయలేదు. బలహీనమైన అయస్కాంతము ధ్వనిని తగ్గించును, పెద్దగా వినబడునది మేలైనదిగా తోచుట మానవసహజము. కావున ప్రతి మార్పిడికిని పికప్ ఎత్తును మరల సరిచేసి, ధ్వనిని సమము చేసి, అవే తంత్రులపై అదే పలుకును వాయించి రికార్డు చేయించెను. కన్నులు మూసికొని వినినప్పుడు సైతము సెరామిక్‌కును అల్నికోకును గల భేదము నాకు స్పష్టముగా తెలిసెను; అల్నికోలలో తమలో తమకు గల భేదము సూక్ష్మము, కాని నిజము. చుట్టలోని దోషమును అయస్కాంతము దిద్దజాలదని ఆయన నొక్కి చెప్పెను. ఆ నిజాయితీ వలననే ఆయన చెప్పిన తక్కిన మాటలయందును నాకు నమ్మకము కలిగినది.

ఆ ధ్వనులు వినుచుండగా పాలకొల్లున పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాకు జ్ఞప్తికి వచ్చెను. నాలుగు జంటతంత్రులకు బదులు అయిదు ఒంటితంత్రులు గల విద్యున్మాండలిన్‌పై ఆయన పలికించిన గమకములు కూడ ఇట్టి పికప్ ద్వారముననే మన చెవులకు చేరినవి. కర్ణాటక సంగీతమునకు విద్యుత్తు పనికిరాదన్న వాదమునకు అంతకన్న వేరు సమాధానము అక్కరలేదు. అయినను, గమకపు తరగను పోనీయక పట్టుకొను అయస్కాంతము ఏదో మన వాద్యకారులు ఈ కలమజూ వృద్ధునివలె కూర్చుండి పరీక్షింపవలసియున్నది.

గిటారు గల తెలుగు యువకులకు నా మనవి యిది: క్రొత్త పికప్ వెల తరచు నూరు డాలర్ల పైమాట, అయస్కాంతపు పలక వెల కొద్ది డాలర్లే, ముందు దీనినే ప్రయత్నింపుడు. అయితే స్ట్రాటోకాస్టర్ వంటి గిటారుల ఒంటిచుట్ట పికప్‌లలో చాలవరకు అయస్కాంతపు కడ్డీలపైననే రాగితీగ చుట్టబడియుండును గనుక వాటిని పెకలింపబోకుడు. జంటచుట్టల పికప్ అయినచో, పాత పలకను జరుపుటకు మున్ను ధ్రువమును గుర్తు పెట్టుకొనుడు. తీసిన దానిని పారవేయక దాచుడు, నచ్చనినాడు దానినే మరల పెట్టుకొనవచ్చును.