ఇల్లు కావాలంటే ఇంటిపేరు

సంగారెడ్డిలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే స్నేహితులందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఎక్కడుంటావ్?" అనే. ఏం పాఠం చెప్తావని ఒక్కరూ అడగలేదు. పదేళ్ళకు పైగా హైదరాబాదులో హాస్టళ్ళలోనో, పెళ్ళయ్యాక అతని పేరు మీద ఉన్న ఫ్లాట్‌లోనో ఉన్నదాన్ని. సాహిత్యంలో పిహెచ్.డి. అయ్యాక, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, మొదటిసారి నా ఒక్కదాని పేరు మీద ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. విడాకులై నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నెలన్నరపాటు వాటిని ప్రతి గేటు దగ్గరా చెప్పుకుంటూ తిరిగాను కాబట్టి నాకిప్పుడు అలవాటైపోయింది.

ముంబై రోడ్డు అని అందరూ పిలిచే 65వ నంబరు జాతీయ రహదారి మీద మియాపూర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, కంది, సంగారెడ్డి వరసగా వస్తాయి. ఈ దారిలో ఎక్కడైనా ఉండొచ్చు. మియాపూర్‌లో ఉండి రోజూ వచ్చిపొమ్మన్నారు చాలామంది. మెట్రో 2017 నుంచీ అక్కడిదాకా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. మా కాలేజీలో ఇద్దరు ముగ్గురు టీచర్లు అట్లాగే వస్తారు. ఆ పథకం వాళ్ళకెంత మేలు చేసిందో చూశాను. నెలకి మిగిలిన డబ్బుతో ఒకామె తన పేరు మీద చీటీ వేసుకుంది. అయితే బస్సు ఉచితంగాని టైము ఉచితం కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రెండు పూటలకీ వండిపెట్టి బయల్దేరే ఆమె బస్సులో నిలబడే కునుకు తీస్తుంది. నాకు వండిపెట్టాల్సినవాళ్ళు లేకపోయినా సాయంత్రాలు కావాలి. చదువుకోడానికి, రాసుకోడానికి ఉన్న ఆ మూడు గంటల్ని రోడ్డుకి రాసివ్వడం ఇష్టం లేకపోయింది.

పటాన్‌చెరులో వెతికాను. అక్కడినుంచి సంగారెడ్డికి పాతిక కిలోమీటర్లలోపే, ఇటు సికింద్రాబాదుకి సిటీబస్సు. 1972లో మొదలైన ఇక్రిశాట్ పచ్చటి పొలాలు ఒక పక్క, డెబ్బయ్యో దశకం నుంచీ పెరుగుతూ వచ్చిన మందుల ఫ్యాక్టరీలు ఇంకో పక్క. ఇల్లు చూసేటప్పుడు గాలి, వెలుతురు చూడమంటారు పెద్దవాళ్ళు. అక్కడ గాలి రాత్రిపూట చూడాలి. పగలు ఏ తేడా తెలియని వీధిలో, రాత్రి తొమ్మిది దాటాక కిటికీ తెరిస్తే గొంతులో ఘాటు తగిలింది. బోరు నీళ్ళ గురించి అడిగితే "బట్టలకు, బాసన్లకు ఓకే మేడం, తాగనీకె క్యాన్ తెప్పిచ్చుకోవాలె" అన్నాడు ఇంటాయన మామూలుగా. నక్కవాగు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షిస్తే, శుద్ధి చేశాక కూడా ఒక్క సిప్రోఫ్లాక్ససిన్ మందే లీటరుకి 31 మిల్లీగ్రాములదాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అద్దె తక్కువెందుకో అర్థం చేసుకోడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ క్యాన్లు మోసి, పిల్లల దగ్గు విని, ఆ నీళ్ళతోనే అంట్లు తోమేది ఎవరో వేరే చెప్పాలా?

ఇస్నాపూర్ వైపు లైన్ రూములు చూశాను. వరసగా గదులు, చివర అందరికీ కలిపి బాత్రూములు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ళు గదికి ఆరుగురు, ఎనిమిదిమంది. హైదరాబాదులో "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అని బోర్డులు చూసిన నాకు ఇక్కడ బ్యాచిలర్లే వ్యాపారం కావడం కొత్తగా అనిపించింది. తలకింత అని వసూలు. "నాకిస్తారా?" అంటే ఓనరు ఇబ్బందిగా నవ్వి, "బ్యాచిలర్లకిస్తం మేడం, సింగిల్ లేడీసుకు ఇయ్యం" అన్నాడు. తప్పు అతనిదొక్కడిదే అనలేను. ఎనిమిదిమంది మగవాళ్ళు ఒక గదిలో ఉంటే అది గది. ఒక ఆడది ఒక గదిలో ఉంటే అది వీధివీధంతటికీ సమస్య. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి మందుల కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయినప్పుడు, వాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల కూలీలని తెలిసి, నాకు ముందు గుర్తొచ్చింది ఆ గదుల బయట ఆరేసి ఉన్న నీలం యూనిఫారాలు.

ఇక మిగిలింది సంగారెడ్డి. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పాత బస్టాండు దాకా టు-లెట్ బోర్డున్న గేట్లన్నీ తట్టాను. ప్రశ్నల వరస ఎక్కడా మారలేదు. "ఎంతమందుంటరు?" "నేనొక్కదాన్నే." "సారు ఎక్కడ జేస్తరు?" "విడిపోయాం." అక్కడ కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత, ఎంతో మర్యాదగా, "ఇంటిపేరేందన్నరు?"

మన భాషలో వంశం పేరుని ఇంటిపేరు అంటాం. తెలుగు పాఠాలు చెప్పేదాన్నయినా, ఆ మాటలో ఇల్లు ఉందని అద్దెకి వెతికేదాకా నాకు తట్టలేదు. ఇల్లు కావాలంటే ముందు ఏ ఇంటినుంచి వచ్చావో చెప్పాలి. ఆడదానికి ఆ ఇల్లు రెండు రకాలు. నా సర్టిఫికెట్ల మీద ఉన్నది నాన్న ఇంటిపేరు. అదొక ఊరి పేరు, దాన్నిబట్టి కులం తేలదు. అందుకని "నాయన ఏం జేసేటోడు?", "నాన్‌వెజ్ వండుతరా?" అని చుట్టూ తిరిగి రావాలి వాళ్ళు. నా ఆధార్ కార్డులో మాత్రం పెళ్ళినాటి తోక ఇంకా మిగిలి ఉంది, మార్పించుకోవడం కుదరక.

ఒక ఇల్లు బాగా నచ్చింది. తూర్పు కిటికీ, పుస్తకాల అలమరకి సరిపోయే గోడ. ఇంటాయన ఆధార్ చూసి మొహం వెలిగించుకుని "అరె, మనోళ్ళే! ముందుగాల చెప్పొద్దా అమ్మా" అన్నాడు. లోపలికి కేకేసి చాయ్ పెట్టించాడు. విడాకుల మాట కూడా ఆయనకి హఠాత్తుగా చిన్నదైపోయింది. "ఈ కాలంల కామనే గదా" అన్నాడు. కప్పు చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించాను. ఊరుకుంటే ఇల్లు నాది. నన్ను కాదనుకున్న ఇంటి పేరు నాకో గోడ, కిటికీ ఇప్పిస్తానంటోంది. "అది వాళ్ళ పేరండీ. మేం మాదిగలం" అన్నాను. చాయ్ చివరిదాకా తాగాను కూడా. "అట్లేం లేదమ్మా, మా అత్తమ్మ పూజలు జేస్తది గదా, అడిగి ఫోన్ జేస్తం" అన్నాడు. ఫోన్ రాలేదు. రాదని ఇద్దరికీ తెలుసు.

చట్టం ఏమంటుందో చూశాను. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల దగ్గర కులం అడ్డు పెట్టొద్దంది. అద్దె ఇంటి పేరు అందులో లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం కిరాయిదారుని ఖాళీ చేయించడానికి కారణం చూపించాలి. అసలు ఇవ్వకపోవడానికి ఏ కారణమూ చూపించక్కర్లేదు. వర్జీనియా వూల్ఫ్ 1929లో స్త్రీకి తాళం వేసుకునే గది, ఏడాదికి 500 పౌండ్లు కావాలంది. ఆ గది ఇచ్చేవాళ్ళు ఏమడుగుతారో ఆమెకి ఎదురైనట్టు లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు ఉంది కదా. నా సంగతి వేరు, నా సొంత పేరు ఆ నెలన్నరలో ఎవరూ అడగనే లేదు. అన్నట్టు ఈ ఊళ్ళో 1796లో కట్టిన జైలుంది. దాన్ని మ్యూజియం చేసి, 2016లో జైళ్ళ శాఖ రోజుకి 500 రూపాయలిస్తే ఖైదీలా ఉండొచ్చని ప్రకటించింది. కుటుంబంతోనే రావాలన్న షరతేదీ పెట్టినట్టు లేదు.

ఆ తర్వాత అమ్మని వెంటబెట్టుకుని తిరిగాను. "అమ్మ గూడ ఉంటదా?" అంటే నేను నోరు తెరిచేలోపే "ఉంటనమ్మా, నేనెక్కడికి వోత" అనేది. ఊళ్ళో ఆమెకి రెండు గేదెలు, నాలుగు ఇళ్ళ పంచాయితీలు. అడుగు కదలదు. ఒకింట్లో కొడుకు కుదరదని చెప్పి లోపలికెళ్ళాక, అరుగుమీద చింతపండు పిక్కలు తీస్తున్న ముసలామె అమ్మని సైగచేసి పిలిచి, "ఆ సందుల నర్సమ్మ మేడమీద ఖాళీ ఉంది, వోండ్రి. నేన్ చెప్పిన అనకుండ్రి" అంది.

నర్సమ్మ ఆమె పేరు కాదు, ఆమె ఉద్యోగం. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన ఒంటరి మనిషి. నేనే ముందు కులం చెప్పేశాను, మళ్ళీ చాయ్ తాగి లేచే ఓపిక లేక. "గా ముచ్చట నేనడగలె" అంది విసుగ్గా. "నల్లా పొద్దున అయిదింటికొస్తది. లేస్తవా?" మంజీర నది ఊరికి ఇంత దగ్గర్లోంచి వెళ్తుంది. కల్పగూరు బ్యారేజీ కట్టి 1965 నుంచీ హైదరాబాదుకి ఆ నీళ్ళు పంపుతున్నారు. మా మేడమీదికి మాత్రం బకెట్లతోనే ఎక్కించుకోవాలి. లేస్తానన్నాను. కరెంటు మీటరు విడిగా, రెండు నెలల అడ్వాన్సు. ఒప్పందం కాగితంలో "భర్త/తండ్రి పేరు" అన్నచోట అమ్మ పేరు రాస్తే రాసేవాడు పెన్ను ఆపి చూశాడు. ఆమె "రాయవయ్యా" అంది.

పోయిన నెల కింది పోర్షన్ ఖాళీ అయింది. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరిన ఇద్దరమ్మాయిలు వచ్చారు, ఒకమ్మాయిది జహీరాబాదు, ఇంకొకామెది శ్రీకాకుళం. ఆమె నన్ను కిందికి పిలిచి, "నువ్వేమంటవు, ఇయ్యొచ్చునా?" అని అడిగింది. జీతం ఎప్పుడొస్తుందో, డ్యూటీ ఎన్నింటికో మాత్రం అడిగాను నేను. ఆదివారం ఆటోలో సామాన్లు తెచ్చుకున్నారు. అయితే వాళ్ళకి వారంలో మూడు రోజులు షిఫ్టు రాత్రి పదింటిదాకా ఉంటుంది. నర్సమ్మ తొమ్మిదింటికే గేటుకి తాళం వేస్తుంది. ఆ తాళంచెవి రెండోది చేయించాలా, చేయిస్తే ఎవరి దగ్గరుండాలి అన్నది మా ముగ్గురి మధ్యా, ఆమెతో కలిపి నలుగురి మధ్యా, ఇంకా తేలలేదు.