ముత్తాత తండ్రి పేరు

2024 జూన్ 27, అమీర్‌పేట

అబ్బాయి వాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో పామైరా అనే ఊరు చేరారు. యూటాలో వాళ్లుండే లీహైలో ఇరుగుపొరుగు, పిల్లల స్నేహితులు, టీచర్లు చాలామంది మార్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లే. వాళ్ల కథ మొదలైన చోటు చూసి తీరాలని మనవరాలి పట్టు. "మన క్షేత్రాలు చూడనేలేదు కదే" అన్నాను. "నువ్వు సోషల్ టీచర్‌వి కదా నానమ్మా, చరిత్ర పాఠం అనుకో" అంది. ఇంకేం మాట్లాడతాను!

మోకాలి పుణ్యమా అని నేను ఇక్కడే. యాత్ర నాకు వాట్సాప్‌లో వస్తోంది.

మొదటి ఫోటో ఒక చెట్లతోపు. 1820లో జోసెఫ్ స్మిత్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి అక్కడ దైవదర్శనం అయిందని వాళ్ల నమ్మకం. గుడి లేదు, గంట లేదు. "చెట్లు, దోమలు, అంతే" అని మనవడి వాయిస్ మెసేజ్.

జూన్ 28

ఇవాళ ప్రింటింగ్ ప్రెస్. వాళ్ల పవిత్ర మార్మన్ గ్రంథం 1830లో ఆ ఊళ్లోనే అచ్చయింది. ఐదు వేల ప్రతులు, మూడు వేల డాలర్లు. ఆ డబ్బుకు పూచీగా మార్టిన్ హారిస్ అనే రైతు పొలం తాకట్టు పెట్టాడు, చివరికి అమ్ముకున్నాడు. మతం పుట్టుకకు తాకట్టు కాగితం సాక్ష్యంగా దొరకడం నాకు భలే నచ్చింది. మన స్థలపురాణాల్లో ఖర్చెవరు పెట్టుకున్నారో ఒక్కరూ రాయరు.

జూలై 1

ఒహాయోలో కర్ట్‌లాండ్. మార్మన్లు కట్టుకున్న తొలి మందిరం, 1836 నాటిది. జోసెఫ్ పోయాక అనుచరులు చీలిపోయారు. మందిరం చిన్న శాఖ చేతిలో ఉండిపోయింది. మొన్న మార్చిలోనే యూటాలోని పెద్ద శాఖవాళ్లు దాన్ని కొనేసుకున్నారు. ఇల్లినాయ్‌లోని కొన్ని పాత ఇళ్లు, రాతప్రతులు కూడా కలిపి 19 కోట్ల 25 లక్షల డాలర్లు! మన దగ్గరైతే రెండు మఠాల మధ్య ఇలాంటి తగువు కోర్టులో మూడు తరాలు నడిచేది. వీళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుని, నెల తిరక్కముందే జనానికి తలుపులు తెరిచారు.

జూలై 4

ఇల్లినాయ్‌లో కార్తేజ్ జైలు. కోడలు ఒకే తలుపును నాలుగు వైపుల నుంచి తీసి పంపింది. పాత చెక్కతలుపు, అందులో తుపాకిగుండు దూసుకుపోయిన రంధ్రం. 1844 జూన్ 27న గుంపు పైకెక్కివచ్చి జోసెఫ్‌నూ, అన్న హైరమ్‌నూ చంపేసింది. ఆ రంధ్రాన్ని పూడ్చకుండా ఉంచడం మంచి పని.

కాకపోతే అంతకుముందు జరిగింది కూడా పిల్లలకు చెప్పమన్నాను. జోసెఫ్ నావూ పట్టణానికి మేయరు. ఆయన బహుభార్యాత్వాన్ని ఎండగడుతూ ఒక పత్రిక వచ్చింది. ఒకే ఒక్క సంచిక. ఊరి కౌన్సిల్ తీర్మానం, మేయర్ ఉత్తర్వు, ప్రెస్సు ధ్వంసం. అరెస్టు దాకా వెళ్లింది ఆ గొడవే. గుండు దెబ్బ గుర్తుంచుకునేవాళ్లు విరగ్గొట్టిన ప్రెస్సునూ గుర్తుంచుకోవాలి. "పిల్లలకి అంత అవసరమా అత్తయ్యా?" అంది కోడలు. అవసరమే.

జూలై 9, మంగళవారం

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. పొద్దున్నుంచే దారులు మళ్లించారు, మా వీధి నిండా ఆటోలు. పనిమనిషి రానని నిన్ననే చెప్పింది. అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో పడుకుని ఉంటుంది. ఏ సంవత్సరంలో వెలిసిందని ఎవరూ అడగరు. వీడియో కాల్‌లో పల్లకీ చూపిస్తుంటే లీహైలో అబ్బాయి వాళ్ల పక్కింటావిడ తొంగిచూసి, తేదీ అడిగింది. ఆషాఢమాసం మొదటి మంగళవారం అన్నాను. ఏ ఏడాది అని ఆవిడ ఉద్దేశం. కల్యాణం ఏటా జరుగుతుందమ్మా!

జూలై 13

అబ్బాయి పిల్లల్ని సాల్ట్ లేక్ మందిరానికి తీసుకెళ్లాడట. నలభై ఏళ్లు కట్టి 1893లో పూర్తి చేశారు. ఇప్పుడు భూకంపాలకు తట్టుకునేలా పునాది పనులు, చుట్టూ క్రేన్లు. పని అయిపోయినా, ప్రతిష్ఠ జరిగాక లోపలికి వాళ్ల సభ్యులకే, అదీ అనుమతిపత్రం ఉన్నవాళ్లకే.

అక్కడొక పెద్దాయన "ఏ ఊరు మీది?" అని అడిగి, హైదరాబాద్ అనగానే చెయ్యి పట్టుకుని వదల్లేదట. కొన్ని సంఘాలను కలిపి వాళ్లు స్టేక్ అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో మన ఊళ్లోనే పెట్టారు. అంతకన్నా ముందు, 1978లో, సమోవా దీవుల్లో స్థిరపడిన ధర్మరాజు దంపతులు, ఎడ్విన్, ఎల్సీ, ఇక్కడికి వచ్చి బంధువులకు ఈ మతం చెప్పారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాదిరి. మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఈ ముక్క నాకు సాల్ట్ లేక్ నుంచి రావాలా!

ఇక్కడి మార్మన్లకు అసలు యాత్ర వేరే ఉంది. భార్యాభర్తల్నీ పిల్లల్నీ శాశ్వతంగా ఒక కుటుంబంగా ముడివేసే క్రతువు మందిరంలోనే జరగాలి. మనకు దగ్గర్లో ఉన్నది 2023లో తెరిచిన బ్యాంకాక్ మందిరం. బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించారు, ఇంకా పని నడుస్తోంది. అంటే ఇంటిల్లిపాదికీ పాస్‌పోర్టులు, విమానం టిక్కెట్లు. మా ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో పాస్‌పోర్ట్ ఆఫీసు ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా కోచింగ్ ముగించి అమెరికాకే పోతున్నారనుకుంటాను. చంకలో పిల్లతో నిలబడ్డ జంట ఏ మందిరానికి పోతోందో మనకేం తెలుసు.

జూలై 17

ఇవాళ్టి కబురు అన్నిటికన్నా బాగుంది. సాల్ట్ లేక్‌లో వాళ్ల వంశచరిత్ర గ్రంథాలయం. ఎవరైనా వెళ్లొచ్చు, రుసుము లేదు. పిల్లల చేతికి విసనకర్రలా విప్పుకునే వంశపటం ఇచ్చి నింపమన్నారు.

మన హరిద్వార్ పండాల వహీలు ఉంటాయే, ఏ ఊరివాళ్లు ఎప్పుడొచ్చారో, తాతముత్తాతలెవరో రాసిపెట్టే పొడుగాటి పుస్తకాలు, వాటిని మార్మన్లు 1970ల చివర్లోనే మైక్రోఫిల్మ్ తీయడం మొదలెట్టారు. ఆ ఫిల్ములు దాచే కొండగుహ, వాళ్ల మందిరానికి రాయి తెచ్చిన లోయలోనే ఉంది.

ఇంత శ్రద్ధ దేనికంటే, పోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకుంటారు. అందుకు పేర్లు కావాలి. నాజీలు చంపిన యూదుల పేర్లకూ అలా చేస్తే పెద్ద రగడ అయింది. 1995లో ఇక చెయ్యబోమని ఒప్పుకున్నారు. గయలో మనమూ దిక్కులేనివాళ్లకు ధర్మపిండం పెడతాం కదా అన్నాడు అబ్బాయి. పెడతాం, కానీ వాళ్లను మన గోత్రంలో కలుపుకోం. పేర్లు భద్రం చేసినందుకు మార్మన్లకు దణ్ణం పెడతాను. ఆ తర్వాతి పని మాత్రం మనవాళ్లకు వద్దు.

జూలై 19

ఫిజియోథెరపీ నుంచి వస్తుంటే పంజగుట్ట శ్మశానం దగ్గర ట్రాఫిక్ ఆగింది. మావారిని అక్కడికే తీసుకెళ్లాం. వచ్చేవారం ఆబ్దికం. అబ్బాయి అమెరికాలోనే పెడతాడు, పేర్లు మరోసారి చెప్పమన్నాడు. తండ్రి, తాత, ముత్తాత. మూడు తరాలే. ఈయన బతికుండగా తద్దినంలో చదివిన ఈయన ముత్తాత పేరు అబ్బాయి మంత్రంలోకి రాలేదు. ఇంట్లో ఒకరు పోయినప్పుడల్లా వరసలో చివరి పేరు జారిపోతుందన్నమాట. ఆటోలో కూర్చుని ఎంత తలచుకున్నా ఆ పేరు తట్టలేదు. మనవరాలి పటంలో ఖాళీగా ఉన్న గడి సరిగ్గా అదే.

జూలై 25

నిన్న వాళ్లకు పయనీర్ డే, 1847లో సాల్ట్ లేక్ లోయలో దిగిన రోజు. ఊరేగింపు ఫోటోలు బోలెడు వచ్చాయి. నేను సరిగ్గా చూడనేలేదు, ఆ ముత్తాత పేరు కోసం ఫోన్ల మీదే ఉన్నాను. తెనాలిలో బావగారు సుబ్బయ్య అన్నారు. ఆడపడుచు కోటయ్య అంది. సుబ్బయ్య దత్తత పోయిన తమ్ముడట, "అన్నయ్యకేం తెలుసు" అని కసిరింది. రెండు పేర్లూ అబ్బాయికి పంపాను. గడిలో ఒక్కటే పడుతుందన్నాడు. కోటయ్యే వెయ్యరా, మీ మేనత్తతో నేను పడలేను అన్నాను.